కర్టెన్ అంచుల్లో ఖడ్గమృగాలు

గ్వేరూ ఊరి ముకోబా పేటలో ఎస్నాత్ మడ్జివైరే ఇల్లెక్కడని అడిగితే జనం బుర్ర గోక్కుంటారు. గమూ తల్లి ఇల్లెక్కడని అడగండి, నడక రాని పిల్ల కూడా చెయ్యి చాపి చూపిస్తుంది. అక్కడ బిడ్డ పుట్టాక ఆడదాని సొంత పేరు పెట్టెలో మడిచి పెట్టిన పెళ్ళిబట్టలాంటిది. ఉందని తెలుసు, బయటికి తీసేది తక్కువ.

ఎస్నాత్ కర్టెన్లు కుడుతుంది. చిన్నప్పుడు షురుగ్వి కొండల్లో మఠం బడిలో కన్యాస్త్రీల దగ్గర సూది పట్టింది. తరవాత గ్వేరూలో ఒక కర్టెన్ల కార్ఖానాలో పంతొమ్మిదేళ్ళు పనిచేసింది. కార్ఖానా మూతబడ్డ రోజు యజమాని ఆఖరి జీతం ఇవ్వలేక, ఆమె కుట్టే మిషన్‌నే ఆమెకిచ్చి దణ్ణం పెట్టాడు. లారీ మెకానిక్కయిన భర్త అప్పటికి రెండేళ్ళ ముందే పోయాడు. ఒక్కతే కూతురు గముచిరాయి, అందరికీ గమూ. లెక్కల టీచరు.

కర్టెన్ నిటారుగా జారాలంటే అంచు మడతలో బరువు ఉండాలి. కార్ఖానాలో సీసం గుళ్ళు పెట్టేవాళ్ళు. అవి రావడం మానేశాక ఎస్నాత్ చుట్టూ చూసింది. ఆ రోజుల్లో దేశంలో అన్నిటికంటే చవగ్గా దొరికే లోహం నాణేలే. గోనెడు నాణేలిచ్చినా అగ్గిపెట్టె రాదు. పిల్లలు గుంటల్లో విసిరి ఆడుకునేవాళ్ళు, చర్చి పళ్ళెంలో ఎవరైనా వేస్తే పాస్టరు మొహం మాడ్చుకునేవాడు. ఆమె వాటన్నిటినీ ఏరుకొచ్చి, జానెడుకొకటి చొప్పున అంచుల్లో పెట్టి కుట్టేసేది. మందపు బట్టకి ఖడ్గమృగం బొమ్మ ఉన్న అయిదు డాలర్ల బిళ్ళ, పలచటి బట్టకి, ఒళ్ళంతా పొలుసులుండే అలుగు అనే జంతువు బొమ్మ ఉన్న రెండు డాలర్ల బిళ్ళ. గాలివాన వచ్చి ఇంటికప్పు లేచినా గమూ తల్లి కర్టెన్ కదలదని పేటలో పేరు.

రెండువేల ఎనిమిదికి వచ్చేసరికి ధరలకి పిచ్చెక్కింది. పొద్దున రొట్టె ధర సాయంత్రానికి రొట్టె వాసన ధర అయ్యేది. ముకోబాలో అందరూ కోటీశ్వరులే, కోట్లు ఉన్నా కాళ్ళకి చెప్పుల్లేవు. గమూ ఒకనాడు నెల జీతం తీసుకుని బస్టాండుకొచ్చింది. బడి ఉన్న ఊరికి వెళ్ళడానికి ఆ జీతం సరిపోయింది, తిరిగి రావడానికి సరిపోలేదు. దాంతో వెళ్ళడమే మానేసి, వాకిట్లో చాప పరిచి పిల్లలకి లెక్కలు చెప్పడం మొదలెట్టింది. ఫీజు దోసెడు వేరుశనక్కాయలు.

"కోట్లలో కూడికలు చేస్తున్నారు, వేరుశనక్కాయల్లో మాత్రం తప్పులు చేస్తున్నారమ్మా," అని విసుక్కునేది.

"వేరుశనక్కాయలు తింటారు కదే, అందుకని తగ్గుతాయి," అనేది తల్లి.

ఎస్నాత్‌ది ఊరికే ఉండే నోరు కాదు. ఒకసారి కాంబీలో, అంటే మనుషుల్ని మూటల్లా కుక్కి తీసుకెళ్ళే చిన్న వ్యానులో, టౌనుకి బయల్దేరింది. వంతెన దాటగానే కండక్టరు డబ్బుల కట్ట ఊపుతూ లేచాడు.

"ఛార్జీ మారిందమ్మా. ఇంకో సగం తియ్యండి."

"ఇప్పుడే కదయ్యా ఎక్కాను. ఇంకా సీటైనా వేడెక్కలేదు."

"సీటుకంటే ముందు ధర వేడెక్కింది తల్లీ, నన్నేం చెయ్యమంటావు?"

"సరే, నేనెక్కినప్పటి ధర ఎక్కడిదాకా వస్తుందో అక్కడ దించెయ్."

"మమ్మల్నీ అక్కడే దించు!" అంది బండి మొత్తం.

కండక్టరు కిటికీలోంచి వెనక్కి చూసి నిట్టూర్చాడు. "ఆ ధరకైతే మీరంతా ఇంకా మీ ఇళ్ళల్లోనే ఉండాలి."

డ్రైవరు నవ్వాగక బండి పక్కకి ఆపాడు. ఆ నవ్వులో ఎవరు ఎంతిచ్చారో ఎవరికీ గుర్తులేదు.

మే నెలలో ఒక మంగళవారం ఎస్నాత్ దారం కొనడానికి వెళ్తోంది. జోతామ్ అనే అతని కిరాణా కొట్టు ముందు ఒక పొడుగాటి మనిషి గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నెత్తిన పాత రైల్వే టోపీ. కొట్టు షట్టరు దించి ఉంది. ఆ రోజుల్లో మూసిన కొట్టు ముందు మనిషి నిలబడ్డాడంటే ఏదో వస్తోందని అర్థం. ముందు వరసలో చేరడం, తరవాత దేనికని అడగడం, అదీ పద్ధతి. ఎస్నాత్ వెంటనే అతని వెనక నిలబడింది.

"ఏమిస్తున్నారు?"

"ఇంకా చెప్పలేదమ్మా," అన్నాడతను.

ఆమె వెనక ఇద్దరు చేరారు. ఆ ఇద్దరి వెనక పదిమంది. చూస్తుండగానే వరస మూల తిరిగింది. పంచదార వచ్చిందని ఒకరన్నారు. లారీని కళ్ళారా చూశానని ఇంకొకరు ఒట్టేశారు. గంట గడిచాక ముందున్న మనిషి మెల్లగా వెనక్కి వంగాడు.

"అమ్మా, ఒక్కమాట. కోప్పడకండి. నేను బూటులో మేకు తీసుకుందామని ఆగాను."

ఎస్నాత్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక పైగుడ్డ నోట్లో కుక్కుకుంది. "మరి అడిగినప్పుడే చెప్పొచ్చుగా!"

"మీరు అంత ఆశగా అడిగితే కాదనలేకపోయాను. తరవాత చెబుదామనుకునేలోగా వెనక నలభైమంది. ఇప్పుడు చెబితే నా బూటు మిగులుతుంది, నేను మిగలను."

ఇద్దరూ గోడవైపు తిరిగి భుజాలు అదిరేలా నవ్వుతుండగా కొట్టు యజమాని జోతామ్ సైకిలు మీద వచ్చాడు. ఆ జనాన్ని చూసి అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవడు చెప్పాడు మీకు?"

రైల్వే టోపీ మనిషి దొరలా గొంతు సవరించుకున్నాడు. "అందరికీ తెలిసిపోయింది జోతామ్. ఇంక దాచి లాభం లేదు. మర్యాదగా తీసెయ్."

జోతామ్ తాళంచెవి తీశాడు. షట్టరు ఎత్తాడు. లోపల, సబ్బు పెట్టెల వెనక, గోనెపట్టాల కింద, ధర ఇంకా పెరగాలని దాచిన ముప్ఫై బస్తాల పంచదార! ఇంతమందిని చూసిన భయంలో బోర్డు మీద రాసిన పాత ధరకే మనిషికి రెండు కిలోలు తూచి ఇచ్చేశాడు. జనం పాటలందుకున్నారు. ఒక ముసలమ్మ పంచదార పొట్లం నెత్తిన పెట్టుకుని నడిరోడ్డు మీద ఆడింది. ఎస్నాత్, ఆ మనిషి మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. చూస్తే నవ్వొస్తుంది.

అతని పేరు ఎనాక్ ముసెకివా. ముసెకివా అంటే నలుగురి నవ్వులపాలైనవాడని. "మా తాత తెచ్చిపెట్టిన పేరమ్మా. ఇవాళ నిలబెట్టాను," అన్నాడు. రైల్వేలో సిగ్నళ్ళు వేసి రిటైరైన మనిషి, భార్య పోయి ఆరేళ్ళు. అతని పెన్షను బ్యాంకు నుంచి తెచ్చుకోవడానికి మూడు నెలల పెన్షను ఛార్జీ అవుతుంది. కాబట్టి నడిచే వెళ్తాడు. నడిస్తే బూట్లు అరుగుతాయి, అరిగితే మేకులు తేలతాయి. "నా ఇరవయ్యేడేళ్ళ సర్వీసూ ఈ మేకులోనే ఉంది," అని దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూపించాడు.

ఆనాటి నుంచి ఇద్దరూ వరసలు పంచుకున్నారు. అతను రొట్టెకి నిలబడితే ఆమె కిరసనాయిలుకి. సాయంత్రం గేటు దగ్గర ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు.

"నూనె ధర ఎంతుంది ఇవాళ?"

"అడక్కండి. అడిగితే పెరుగుతోంది."

జూన్‌లో అతను తన గది కిటికీకి కర్టెన్ కావాలన్నాడు. ఎస్నాత్ టేపు పెట్టి కొలిచింది.

"దీనికెంత?"

"ఏ గంటకి?"

ఎనాక్ ఆలోచించి, మర్నాడు ఆమె ఇంటికి ఒక కోడిపెట్టని తెచ్చిచ్చాడు. ఆ పెట్ట తిన్నగా కుట్టుమిషన్ బల్ల మీదికెక్కి, కత్తిరించిన బట్టల కుప్పలో గుడ్డు పెట్టి దిగింది. గమూ ఆ గుడ్డుని, అమ్మ మొహంలో సిగ్గుని మార్చి మార్చి చూసింది.

"కర్టెన్‌కి కోడినిచ్చాడా? రేపు పరుపు కుడితే ఆవునిస్తాడేమో, కుట్టి చూడమ్మా."

"నోర్మూసుకుని బాబిన్‌కి దారం చుట్టు."

కర్టెన్ తగిలించిన రోజున ఎనాక్ చేతులు నలుపుకుంటూ అన్నాడు. "గమూ తల్లీ, ఇద్దరు మనుషులకి రెండు పొయ్యిలు, రెండు సంకటి గిన్నెలు దేనికంటారు?"

"వంటచెరుకు మిగుల్చుకోడానికి పెళ్ళంటారా?"

"అది కాదు. నవ్వడానికి పక్కన మనిషి కావాలి. ఒక్కణ్ణే నవ్వుతుంటే పక్కింటివాళ్ళు తలుపులేసుకుంటున్నారు."

యాభై రెండేళ్ళ ఎస్నాత్ ఇంటికి నడిచి వెళ్ళలేదు. గెంతుకుంటూ వెళ్ళిందని చూసినవాళ్ళు చెప్పారు.

అయితే పెళ్ళి మాట మేనత్త నోట రావాలి. మేనత్త మోడెస్టాకి డెబ్భై తొమ్మిదేళ్ళు, షురుగ్వి కొండల్లో ఉంటుంది. చూపు మందగించినా బేరంలో చురుకు తగ్గలేదు. ఎనాక్ తరఫున పెద్దమనిషి వెళ్ళి, చాప అంచున మోకాళ్ళ మీద కూర్చుని, అక్కడి మర్యాద ప్రకారం చప్పట్లు తట్టి, మగపెళ్ళివారు ఇవ్వాల్సిన పెళ్ళికానుక ఎంతని అడిగాడు. మోడెస్టా ఒక మొత్తం చెప్పింది. రెండు వారాలకి అతను ఆ మొత్తం తీసుకొచ్చి చెక్క పళ్ళెంలో పెట్టేసరికి దాంతో గుప్పెడు ఉప్పు కూడా రాదు. ఆమె మళ్ళీ ఒక మొత్తం చెప్పింది. ఈసారి నోట్లు పళ్ళెం పట్టక చాప నిండా పరుచుకున్నాయి.

"ఏంటయ్యా ఇది, పొయ్యి రాజెయ్యడానికా?" అంది మోడెస్టా. "మా పిల్లని కాగితాలకిచ్చానంటే చచ్చిన మా అన్న లేచొచ్చి తంతాడు. చూలుతో ఉన్న మేకని తీసుకురా. మేకకి సున్నాలుండవు. మీరు దాని ధర ఎంత మార్చినా దానికి నాలుగు కాళ్ళే. కట్టేసి ఊరుకుంటే పిల్లల్ని కంటుంది. మీ బ్యాంకులో డబ్బు ఎప్పుడైనా ఒక్క పిల్లని కందా?"

ఎనాక్ టైర్లు దొరక్క మూలపడేసిన సైకిలిచ్చి మేకని కొన్నాడు. దాన్ని కొండల్లోకి తీసుకెళ్ళే కాంబీలో కండక్టరు మేకకి టిక్కెట్టడిగాడు. మేక అతని చేతిలోని నోట్ల కట్టలో సగం నమిలేసింది. దారి ఖర్చు అలా తీరిపోయింది. మోడెస్టా మేక పొట్ట నిమిరి, ఆగస్టు రెండో శనివారం ముహూర్తం అంది.

విందుకి మాత్రం ఏమీ లేదు. వచ్చినవాళ్ళకి టీ, వేయించిన వేరుశనక్కాయలు పెడదామని తల్లీకూతుళ్ళు అనుకున్నారు.

జులై చివరి బుధవారం, పక్కింటి రేడియోలో వార్త వచ్చింది. డబ్బులోంచి పది సున్నాలు కొట్టేస్తున్నారట. శుక్రవారం నుంచి వెయ్యి కోట్లు ఒక్క డాలరు. పాత నాణేలు, ఏ విలువ రాసి ఉంటే ఆ విలువకి, మళ్ళీ చెల్లుతాయట.

గమూ చేతిలో సుద్దముక్క విరిగింది. వాకిట్లో నేల మీదే గబగబా రాసింది. "అమ్మా! ఖడ్గమృగం ఒకటి అయిదు వేల కోట్లు! నాలుగు ఖడ్గమృగాలకి ఒక రొట్టె!"

మిషన్ తొక్కుతున్న ఎస్నాత్ కాలు ఆగిపోయింది. మూలనున్న పిండి సంచి వైపు చూసింది. కుట్టగా మిగిలిన నాణేలు అందులో సగానికి పైగా ఉన్నాయి. తరవాత తలెత్తి కిటికీ వైపు చూసింది. తరవాత వీధి అవతల కిటికీ వైపు, దాని పక్క కిటికీ వైపు, ఆ వరసలో ఉన్న కిటికీలన్నిటి వైపు చూసింది.

"ఏడేళ్ళనించి కుడుతున్నానే," అంది నెమ్మదిగా. "ముకోబా మొత్తం కుట్టానే."

ఆ మాట పూర్తయ్యేలోపే వీధిలో కేక వినిపించింది. ఎవరో కర్టెన్ ఊడబీకి భుజాన వేసుకుని పరిగెత్తుకొస్తున్నారు. వెనక ఇంకొకరు, ఇంకొకరు. సాయంత్రానికి ఎస్నాత్ వాకిట్లో పూలకర్టెన్లు, చారల కర్టెన్లు, పసుపువి, నీలంవి గుట్టలు పడ్డాయి. ఆమె కుట్టు అంత గట్టిది, ఎవరి చేతా ఊడదు. పళ్ళతో కొరికిన ఒకావిడ దవడ పట్టుకుని కూర్చుంది.

హెడ్‌మాస్టరు భార్య ముందుకొచ్చి ఉన్నమాట అడిగేసింది. "గమూ తల్లీ, మొహమాటం లేకుండా చెప్పు. ఈ నాణేలు నీవా, నావా?"

"బట్ట ఆవిడది, నాణెం ఈవిడది," అని ఎవరో గొణిగారు. గమూ తన అమ్మ చెవిలో, "సగం అడుగమ్మా. న్యాయమే," అంది.

ఎస్నాత్ కత్తెర చేతిలోకి తీసుకుంది. అడిగితే ఎవరూ కాదనరు. ఆ నాణేలు గుంటల్లోంచి ఏరుకొచ్చింది తనే. పెళ్ళి పది రోజుల్లో ఉంది.

"ఆవేళ ఇవి డబ్బులు కావు," అంది చివరికి. "బరువులు. బరువులకి నేను కూలి తీసుకున్నాను. ఇప్పుడు వాటి దశ తిరిగిందంటే అది మీ కిటికీ అదృష్టం. విప్పి, గులకరాళ్ళు పెట్టి మళ్ళీ కుట్టి ఇస్తా. అంచుకొక్క నాణెం ఇవ్వండి, చాలు."

హెడ్‌మాస్టరు భార్య ఆమె బుగ్గలు రెండూ పట్టుకుని గట్టిగా ఊపింది.

విప్పడానికే నాలుగు రోజులు పట్టింది, కుట్టడానికి ఇంకెన్నాళ్ళో. ఈలోగా ముకోబా మొత్తం కర్టెన్లు లేకుండా ఉండిపోయింది. ఎవరింట్లో ఏముందో అందరికీ కనిపించింది. మా ఇంట్లో నూనె చుక్క లేదని ఏడ్చినావిడ అలమరలో ఆరు సీసాలు. నడుంనొప్పితో మంచం దిగలేనని చర్చికి రాని పెద్దాయన పొద్దున్నే రేడియో పెట్టుకుని డాన్సు. పాస్టరుగారు చెడ్డీతో నిలబడి చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, వీధిలో వెళ్ళేవాళ్ళకి చెయ్యెత్తి దీవెనలు. దాచుకున్నవాళ్ళు సిగ్గుపడి పక్కింటికి గిన్నెడు పంపించారు. అప్పిమ్మని అడగడానికి మొహం చెల్లనివాళ్ళు అడగకుండానే పుచ్చుకున్నారు. ఆ వారం పేటలో ఎవరూ అబద్ధం ఆడలేదు, ఆడి లాభం లేక.

ఒక్క ఎనాక్ కిటికీకే కర్టెన్ అలాగే వేలాడుతోంది. ఎస్నాత్ వెళ్ళి తలుపు కొట్టింది.

"విప్పించలేదేం?"

"విప్పితే లోపలికి అందరూ చూస్తారు."

"చూస్తే ఏముంది?"

"అదేగా. ఏమీ లేదని చూస్తారు."

ఎస్నాత్ కత్తెర తీసి తనే అంచు విప్పింది. జానెడుకొకటి కాదు, వేలెడుకొకటి రాలిపడ్డాయి, అన్నీ ఖడ్గమృగాలే. ఎనాక్ వాటిని, ఆమెని చూశాడు.

"మీ కిటికీకి గాలెక్కువ కదా అని..." అంది ఆమె కత్తెరకంటిన దారం దులుపుతూ.

"నా కిటికీ ముందు సన్నటి సందు, దాని అవతల ఎత్తు గోడ గమూ తల్లీ. గాలి ఏ దారినొస్తుంది?"

ఇంక దాచేదేముంది. ఇద్దరూ కింద కూర్చుని ఊపిరాడనంతగా నవ్వారు. తరవాత నాణేలు ఏరుకుని లేచారు. ఎందుకంటే ఆ వెర్రి ఎన్నాళ్ళుంటుందో ఇద్దరికీ తెలుసు. శుక్రవారం నాలుగు ఖడ్గమృగాలకొచ్చిన రొట్టె సోమవారానికి ఆరు అడుగుతోంది. నాణెం చచ్చేలోపు విందు సరుకు కొనెయ్యాలి.

అంత బరువు చేతుల్లో మొయ్యలేక ఎస్నాత్ నాణేల మూటని, బిడ్డల్ని కట్టుకునే గుడ్డతో వీపున కట్టుకుంది. మూట గుండ్రంగా, బుజ్జిగా ఒదిగిపోయింది. వాటర్ ట్యాంకు దగ్గర ముసలమ్మలు నోళ్ళు తెరిచారు.

"అయ్యో గమూ తల్లీ, ఎప్పుడు కన్నావే?"

"శుక్రవారం."

"ఎవరి పోలిక?"

"ఖడ్గమృగం పోలిక."

"నా పోలికే," అన్నాడు పక్కనున్న ఎనాక్ ఛాతీ విరుచుకుని.

జోతామ్ మొదట ఆ నాణేలు తీసుకోనన్నాడు. లెక్కపెట్టడానికి తన దగ్గర మనుషుల్లేరన్నాడు. ఎనాక్ షట్టరుకి ఆనుకుని తాపీగా బూటు విప్పడం మొదలెట్టాడు. వీధిలో అప్పుడే ఇద్దరు ఆగి చూస్తున్నారు.

"వద్దు బాబాయ్, వద్దు!" జోతామ్ బంగాళాదుంపల కాటా లాగాడు. "తూచి తీసుకుంటా. కిలోల్లెక్కన ఇచ్చెయ్."

కిలో ఖడ్గమృగాలకి ఇంత పిండి, కిలో అలుగులకి ఇంత నూనె. బియ్యం, నారింజ షర్బతు, మూడు కోళ్ళు. జోతామ్ ఏ కళనున్నాడో, ఆఖర్న ఒక సబ్బు కూడా కొసరు వేశాడు. తిరిగొచ్చేటప్పుడు ఎస్నాత్ వీపున బిడ్డ లేదు, పిండి బస్తా ఉంది. "ఎంత తొందరగా పెరిగాడే!" అన్నారు ముసలమ్మలు.

శనివారం చర్చి కిటికీలకీ కర్టెన్లు లేవు, ఎండ నేరుగా లోపలికొచ్చి అందరి ఒళ్ళోనూ కూర్చుంది. బంగారం మాట ఎత్తే పని లేదు కాబట్టి, కర్టెన్లు తగిలించే ఇత్తడి రింగుల్లో అన్నిటికంటే చిన్నదాన్ని గమూ ముందురోజు సాయంత్రమంతా రుద్ది, పెళ్ళి ఉంగరంగా మెరిపించింది. పాస్టరుగారు పుస్తకం తెరిచి గంభీరంగా అడిగారు.

"ఎనాక్, కలిమిలోనూ లేమిలోనూ ఈమెని విడవకుండా ఉంటావా?"

"ఈ వారం ఏది నడుస్తోంది పాస్టరుగారూ?" అన్నాడు ఎనాక్ నిజంగానే తెలియక.

ముందు మోడెస్టా నవ్వింది, నోట్లో ఉన్న మూడు పళ్ళూ కనబడేలా. తరవాత పాడేవాళ్ళ వరస. తరవాత చర్చి మొత్తం. పాస్టరుగారు పుస్తకంతో మొహం కప్పుకున్నారు, ఆ పుస్తకం కూడా ఊగుతోంది. ప్రమాణం నాలుగుసార్లు మొదలుపెడితేగానీ పూర్తవలేదు.

విందుకి యాభైమంది వస్తారనుకుంటే రెండొందలమంది వచ్చారు. వంట జరుగుతున్నది కర్టెన్లు లేని కిటికీల్లోంచి పేటంతా చూసింది మరి. వచ్చినవాళ్ళు వధూవరులకి చెయ్యి కలపడానికి వరస కట్టారు. వరస రోడ్డుదాకా వెళ్ళింది. దారినపోయే ముక్కూమొహం తెలియనివాళ్ళు ఏమిస్తున్నారని అడక్కుండా అందులో చేరిపోయి, ముందుకొచ్చి, పెళ్ళికొడుకుని చూసి తెల్లబోయారు. ఎనాక్ ఒక్కొక్కరినీ గట్టిగా కౌగలించుకుని పళ్ళెం చేతికిచ్చాడు. చీకటి పడేలోపు గిన్నెలు నాకినట్టు ఖాళీ అయ్యాయి.

సెప్టెంబరు దాటేసరికి నాణేలు మళ్ళీ రాళ్ళయ్యాయి. కొట్టేసిన సున్నాలు ఒక్కొక్కటే తోకలు పట్టుకుని తిరిగొచ్చాయి. ఆ తరవాత వచ్చిన వానాకాలం గురించి ఎస్నాత్ ఎక్కువ మాట్లాడదు. కుళాయిల్లో నీళ్ళు లేవు, ఊళ్ళో వాంతులు, విరేచనాలు. రోజుకి ఒక్కపూట సంకటి, అదీ పలచగా. కర్టెన్‌కి కూలిగా వచ్చిన పెట్టని కోసుకున్నారు. దాని ఎముకలతో మర్నాడు చారు కాచుకున్నారు. ఎనాక్ చొక్కా మెడ దగ్గర ఇద్దరు మనుషులు పట్టేంత వదులైంది. కొండల్లో మోడెస్టా మేక రెండు పిల్లల్ని ఈనింది. వారానికొకసారి ఆమె కాంబీ డ్రైవరు చేత పాల సీసా పంపించేది, మూతకి గుడ్డ కట్టి, "నేను చెప్పానా లేదా" అని నోటిమాటతో సహా.

కొత్త ఏడాదిలో దేశం డబ్బు ఇంక ఎవరికీ అక్కర్లేదన్నారు. పరదేశపు డాలర్లు, పక్కదేశపు రాండ్లు వచ్చాయి. కొట్లు నిండాయి. గమూకి నెలకి వంద డాలర్లిస్తామంటే మళ్ళీ బడికి వెళ్ళింది. మొదటి రోజు కాంబీ ఛార్జీ వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒక్కటే ఉందని ఇంటికొచ్చి ఏడ్చేసింది. ఎస్నాత్ తన కూలిని మొదటిసారి అట్టముక్క మీద రాసి గోడకి తగిలించింది. అది వారం రోజులు మారలేదు. ఆమె పొద్దున్నే లేచి, దాన్ని చదువుకుని, తృప్తిగా మొహం కడుక్కునేది.

ఇప్పుడు వచ్చిన చిక్కల్లా చిల్లర. నోట్లొచ్చాయిగానీ చిల్లర రాలేదు. కొట్లలో మిగతాకి బదులు చాక్లెట్లో, పెన్నో చేతిలో పెడుతున్నారు. ఒకరోజు ఆసుపత్రి క్వార్టర్స్‌లో ఉండే నర్సమ్మ కర్టెన్లు తీసుకోడానికి వచ్చింది. కూలి తొమ్మిది డాలర్లు. ఆవిడ పది డాలర్ల నోటిచ్చింది.

"ఒక డాలరు ఎక్కణ్ణించి తేను తల్లీ?" ఎస్నాత్ ఇల్లంతా చూసింది. గుమ్మంలో ఎనాక్ గడ్డం గీసుకుంటున్నాడు. "పోనీ మా ఆయన్ని తీసుకెళ్ళు. ఒక డాలరు పని చేయించుకుని పంపించెయ్."

నర్సమ్మ ఎనాక్‌ని కింద నుంచి పైదాకా చూసింది. "పొడుగ్గానే ఉన్నాడు. కూరమడి తవ్వించుకుంటా."

ఎనాక్ సబ్బు తుడుచుకుని టోపీ పెట్టుకున్నాడు. "ఇన్నాళ్ళకి నాకూ ఒక విలువ కట్టావు," అని పెళ్ళాంతో అని, చిల్లరగా బయల్దేరి వెళ్ళాడు.

పొద్దుగూకే వేళకి చంకలో గుమ్మడాకుల కట్టతో తిరిగొచ్చాడు.

"ఏమైంది, అంతసేపు?"

"రెండు మళ్ళు తవ్వేశా. మాటల్లో పడి తెలీలేదు. డాలరు పని దాటిపోయిందట. ఆవిడ దగ్గరా చిల్లర లేదు. రేపు వాళ్ళాయన వచ్చి మన ఇంటికప్పు బాగుచేస్తాడు."

"ఆయన ఎక్కువ చేస్తేనో?"

ఎనాక్ టోపీ తీసి మేకుకి తగిలించాడు. "గమూని పంపిద్దాం. వాళ్ళ పిల్లకి లెక్కలు రావట."

మర్నాడు పొద్దున్నే నర్సమ్మ భర్త నిచ్చెన భుజాన వేసుకుని, ఈలవేసుకుంటూ సందు మలుపు తిరిగాడు. ఎస్నాత్ అతన్ని కిటికీలోంచి చూసి, పొయ్యి మీద గిన్నెలో ఇంకో గుప్పెడు పిండి పోసింది.